మేయర్ గారి మనిషి

"అధ్యక్షా, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?"

వెనక వరసలో ఒకావిడ చెయ్యెత్తింది.

పేట కౌన్సిల్లో కట్టడాలకి అనుమతులిచ్చే ప్లానింగ్ కమిటీ అధ్యక్షుడు టల్లీ కళ్ళజోడు పైనుంచి చూశాడు. గుర్తుపట్టాడు. కిందటేడు లండన్ మేయర్ పక్కన కూర్చుని ఫైళ్ళందించిన మనిషే.



ఒకప్పుడు ఈ పేటలో ఇటుక కదలాలన్నా తన సంతకం కావాలి. చట్టం మారాక ఆకాశాన్నంటే మేడలన్నీ మేయర్ చేతికెళ్ళాయి. తనకి మిగిలినవి పెరటిగోడలు, వంటింటి కిటికీలు. పేపర్లో ఫొటో ఆయనది, వీధిలో తిట్లు తనవి.

ఇవాళ బడి పక్కన ముప్ఫై అంతస్తుల మేడ వద్దని తీర్మానం. దాన్నీ పద్నాలుగు రోజుల్లోపు మేయర్ లాక్కుని తనే తేల్చొచ్చు.

"మీ పేరు?"

"హేజెల్ ఒర్మ్."

"మాట్లాడతానని ముందుగా రాసిచ్చారా?"

"లేదండీ. ఇవాళే రావాల్సొచ్చింది. మీ తీర్మానంలో ఒక్క వాక్యం తక్కువైంది..."

"మా రాతలు దిద్దడానికీ మీరేనా? కుర్చీలైనా ఉంచుతారా మాకు?"

జనం నవ్వారు.

"నేను మేయర్ ఆఫీసు తరఫున రాలేదండీ."

"మరి టీ కోసమా? మాది నీళ్ళ టీ. మీ నోటికి పట్టదు."

మళ్ళీ నవ్వులు.

పక్కనున్న క్లర్క్ ప్రయర్ గొంతు తగ్గించింది. "రెండు నిమిషాలేగా, ఇద్దామండీ."

"పెద్దాయన కొలువులో ఉంది కదా. అక్కడే చెప్పుకోనీ."

ఆవిడ కాగితం మడిచి, కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది. చాన్నాళ్ళ తర్వాత టల్లీకి హాయిగా అనిపించింది.

'మేడ పేటకి నప్పదు' అని తీర్మానం నెగ్గింది.

పదకొండో రోజున మేయర్ ఆ ఫైలు తీసేసుకున్నాడు.

"మన కారణంలో పస లేదు," అన్నాడు కౌన్సిల్ లాయరు. "బడి ఆవరణలో ఎండ పడదని ఒక్క వాక్యం రాసుంటే, మేయర్ వేలు పెట్టడానికి జంకేవాడు."



"ఆవిడ చెప్పబోయింది అదేనేమో," అంది ప్రయర్.

"మేయర్ మనిషి మన మేలెందుకు కోరుతుంది?" టల్లీ కసిరాడు. "సరే, ఫోన్ చెయ్యి. ఆ వాక్యమేమిటో నేనే అడుగుతాను."

ప్రయర్ ఫోన్ చేసింది. విని, మెల్లగా పెట్టేసింది.

"ఆవిడ అక్కడ లేదటండీ. మన చేతుల్లోంచి ఫైలు లాక్కునే ఆర్డరు ముందే రాసిపెట్టమంటే రాయనని, మన మీటింగు రోజు పొద్దున్నే ఉద్యోగం వదిలేసిందట."