నల్లరాతి అంచున దుంప పిండి

"చేతి తొడుగుల్లో పిండి పౌడర్ ఉంటుంది, చూసుకున్నావా?" మాస్టారు మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే అడిగారు.

"పౌడర్ లేనివే వాడాను మాస్టారూ."

"గదిలో దుమ్ము?"

"వారం రోజులు బల్ల మీద గాజుపలక పెట్టి మరీ చూశాను. ఇలాంటి రేణువు ఒక్కటీ పడలేదు."

"రాయి చుట్టూ ఉన్న మట్టి?"

"అందులోనూ లేదు. పదునైన అంచున తప్ప రాయి మీద ఇంకెక్కడా లేదు."

పరిశోధకురాలికి కాళ్లు నేల మీద నిలవడం లేదు. అరచేతిలో ఇమిడే ఆ నల్లరాతి పనిముట్టు వయసు ముప్పై వేల ఏళ్లు. దాని అంచున దుంప పిండి రేణువులు దొరికాయి. ఆ కాలం వాళ్లు దుంపలు చెక్కుకుని తిన్నారని మాస్టారు ఎప్పుడో తన తవ్వకం నాడే అంటే, సాక్ష్యం ఏదని నలుగురూ నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ఒకాయన ఇప్పుడు సంపాదకుడిగా ఉన్న పత్రికకే ఈ సాయంత్రం వ్యాసం వెళ్లాలి. మాస్టారు సరేనంటే చాలు. కాకపోతే సరేననడం ఆయనకు పుట్టుకతో రాలేదు.

"రాయిని ఎవరైనా ముట్టుకున్నారేమో?"

"మీరు కట్టిన సంచి, మీరు వేసిన సీలు. విప్పింది నేనే."

"నిజమే. తవ్వకం ముగిసిన రోజు నా చేత్తో కట్టాను." అన్నారాయన. "ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు."

పక్కన కుర్చీలో ఉన్న మాస్టారి భార్య నవ్వారు. పెళ్లయిన కొత్తలో ఆ తవ్వకం డేరాల్లోనే కాపురం పెట్టిన మనిషి ఆవిడ. "ఆ రాళ్ల మీదున్న ధ్యాసలో పావు వంతు నా మీద పెట్టినా సరిపోయేది" అన్నారు.

మాస్టారు ఇంకోసారి చూశారు. ఇంకోసారి. చివరికి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"అమ్మాయ్, పంపించెయ్."

ఆయన మనసు మార్చుకునేలోపే పరిశోధకురాలు మీట నొక్కేసింది. వ్యాసం వెళ్లిపోయింది. ఆనందం పట్టలేక మాస్టారి చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది.

"ఇన్నేళ్లూ తల దించుకుని తిరిగాను" అన్నారు మాస్టారు. "ఆ దుంపలు చెక్కిన మహాతల్లి ఎవరో గానీ, ఎదురుపడితే కాళ్లకు దండం పెడతాను."

"మీరూ చూడండమ్మా, బొటనవేలు ఆనడానికి ఎంత చక్కటి గుంట ఉందో." పరిశోధకురాలు రాయి ఉన్న పళ్లేన్ని ఆవిడ ముందుకు జరిపింది.

ఆవిడ వంగి చూశారు. మొహం విప్పారింది.

"ఏవండీ, అప్పుడు డేరాలో మన కత్తి కనబడకుండా పోతే, ఆ వారమంతా నేను దుంపలు చెక్కింది దీంతోనే."