తొమ్మిదివందల పది వాటాలు

షావుకారు చేతిలో మొదట ఉన్నవి మూడు: ఒక కాటా, ఒక గోదాము, వందమంది టమాటా రైతులు.

మూడింట్లోనూ రైతులే మేలైన సరుకు. కాటా అప్పుడప్పుడు మొరాయించేది. గోదాము వానకి కారేది. రైతులు మాత్రం పదిహేనేళ్లుగా ఆయన చెప్పిన ధరకి తలూపి, ఖాళీ పెట్టెలు నెత్తిన పెట్టుకుని, వెళ్లొస్తామని మర్యాదగా చెప్పి మరీ వెళ్లేవారు.

అలాంటివాళ్లని స్వయానా ఆయన మేనకోడలే చెడగొట్టింది. వందమందినీ కూడగట్టి సహకార సంఘం పెట్టించింది. మనిషికి పది వాటాలు. పంటంతా ఒకచోట పోసి, మధ్యలో షావుకారు లేకుండా తామే పట్నానికి అమ్ముకుంటారట. లెక్కా పత్రం చూసే కార్యదర్శి ఆ పిల్లే.

షావుకారు కడుపుబ్బ నవ్వాడు. వందమంది మోసిన పల్లకి వంద దారులు పడుతుందన్నాడు. రెండు నెలలు తిరక్కుండానే గోదాము బోసిపోయింది. తినడానికేమీ దొరక్క ఎలుకలు కూడా సంఘం షెడ్డుకి కాపురం మార్చాయి. అప్పుడాగింది నవ్వు. ఇంకో రెండు నెలలు ఇలాగే సాగితే తనూ వాటి వెనకే పోవాలి.

పోట్లాడి లాభం లేదని ఆయనకి తెలుసు. వ్యాపారంలో శత్రువుని కొట్టకూడదు, కొనాలి.

గోదాము వెనక ఆయనకీ రెండెకరాల టమాటా తోట ఉంది. కాబట్టి ఆయనా రైతే. ఎరువుల కొట్టు వెనకగదిలో ఉన్న సంఘం ఆఫీసుకి వెళ్లి, అందరిలాగే పది వాటాలు తీసుకున్నాడు. మేనకోడలు రసీదుతోపాటు నిబంధనల పుస్తకం కూడా చేతికిచ్చింది.

“ఒకసారి చదవండి మావయ్యా.”

“చదివేవాళ్లు గుమాస్తాలవుతారమ్మా. షావుకార్లు కారు.” పుస్తకం బల్లమీదే వదిలేసి వచ్చాడు.

ఆ మర్నాటి నుంచి ఒక్కో రైతు గడపా తొక్కాడు. వాటాకి రెట్టింపు ధర ఇస్తానన్నాడు. మొదటి రైతు ఒక పూట గడువడిగి, ఎక్కడికో వెళ్లొచ్చి, సరేనన్నాడు. ఆ తర్వాత ఆయన తిరగాల్సిన పనే లేకపోయింది. వాళ్లే వరసకట్టి వచ్చారు. తలా తొమ్మిది వాటాలు అమ్మారు. ఒక్కటి మాత్రం ఉంచుకున్నారు, వందకి వందమందీ.

“పెట్టుకున్న సంఘం కదా బాబాయ్, గుర్తుగా ఒకటుండనీ,” అన్నాడొకడు.

ఎద్దునమ్మి మువ్వలు దాచుకునే బుద్ధి ఎక్కడికి పోతుందని షావుకారు జాలిపడ్డాడు.

డబ్బు చాలక గోదాము తాకట్టు పెట్టిన రోజున భార్యకి అనుమానమొచ్చింది. బేరమాడకుండా అమ్మే రైతుని ఎప్పుడైనా చూశారా అని అడిగింది.

“నన్ను చూశాక బేరం ఎవరికి గుర్తుంటుందే?” అన్నాడు.

వాటాలమ్మిన డబ్బంతా పోగేసి రైతులు సంఘానికి లారీ కొన్నారు. ఆ సంగతి విన్న రోజున ఆయన అన్నం తింటూ కూడా నవ్వుకున్నాడు. తన డబ్బుతో కొన్న లారీ తిరిగి తన వాకిట్లోకే రాబోతోంది. ఇంకెందుకు కొన్నారో పాపం.

సర్వసభ్య సమావేశానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో కాగితంతో వెళ్లాడు. సంఘాన్ని మూసేసి, ఆస్తుల్ని వాటాల లెక్కన పంచాలని అందులో రాయించాడు. మొత్తం వెయ్యీపది వాటాలు. తొమ్మిదివందల పది ఆయనవి. సాయంత్రానికల్లా లారీ, షెడ్డు, వాటితోపాటు పాత ధరకి తలూపే ఆ వందమందీ మళ్లీ చేతికొస్తారు. లోపలికి వెళ్తూ లారీ టైరుని కాలితో తట్టి చూసుకున్నాడు.

మేనకోడలు తీర్మానం చదివింది. ముఖంలో ఏ మార్పూ లేదు. ఒప్పుకునేవాళ్లని చెయ్యెత్తమంది.

ముందువరసలో కూర్చున్న షావుకారు, వేలంలో ఆఖరి పాట పాడేవాడిలా తీరిగ్గా చెయ్యెత్తాడు. ఇంకో చెయ్యి లేవలేదు. వద్దనేవాళ్లని అడిగితే వంద చేతులు లేచాయి. ఆయనకి నవ్వాగలేదు.

“పాపం, చేతులు నొప్పెడతాయి, దించమను. లెక్క రాసెయ్ తల్లీ,” అన్నాడు.

ఆ పిల్ల రాసి, లేచి నిలబడి, అందరికీ వినపడేలా చదివింది: “మన సంఘంలో వాటాలెన్నున్నా మనిషికి ఓటు ఒక్కటే కాబట్టి, అనుకూలం ఒకటి, వ్యతిరేకం వంద.”