మూడో గేటు

"రేపట్నుంచి ఈ ఆఫీసుతో సంబంధం లేనివాడికి, ఆ స్క్రిప్టుతో ఇవాళ ఏం పనయ్యా?"

మేనేజరు దేవీప్రసాద్ వెనకనుంచి అరిచేసరికి సన్యాసిరాజు ఉలిక్కిపడి, స్క్రీను మీదున్నది గబుక్కున మూసేశాడు. అదిగో, అక్కడే దొరికిపోయాడనుకున్నాడు దేవీప్రసాద్. ఏ తప్పూ చెయ్యనివాడు మూయడమెందుకు?

"ఏటీ నేదు సార్. సిన్న పని మిగిలిపోనాది, సేసీత్తన్నాను."

"ఏం పని?"

"మొత్తం అయ్యాక సెప్తాను సార్. మజ్జిలో మాటాడితే తప్పు దొర్లిపోద్ది."

ఎంత పొగరు! దేవీప్రసాద్‌కి ఒళ్లు మండిపోయింది. మల్కాపురం యార్డులో లారీల తూకం వేసే గేట్లు మూడు. మూడింటికీ యూనిక్స్‌తో నడిచే మూడు రకాల కంప్యూటర్లు, ప్రోగ్రాముని వాటి భాషలోకి మార్చే మూడు కంపైలర్లు. ఒకదానికి నచ్చిన ఆప్షను ఇంకోదానికి గిట్టదు. అయినా తూకం లెక్కగట్టే లైబ్రరీ అనే ప్రోగ్రాము ఫైలుని మూడింటికీ సరిపడేలా తయారుచేసే బిల్డ్ స్క్రిప్టు రాసినవాడు ఈ సన్యాసిరాజే. ఇప్పుడేమో పోటీ కంపెనీలో చేరుతున్నాడు. పోతూ పోతూ అందులో ఏదైనా పుల్ల పెట్టి పోతే? యార్డు ఆగుతుంది, కాంట్రాక్టు పోతుంది, దాని వెనకే తన ఉద్యోగమూ ఊడుతుంది.

సన్యాసిరాజు టీకని లేచాడు. వెళ్తూ వెళ్తూ నవ్వాడు కూడా. ఆ నవ్వు దేవీప్రసాద్‌కి అస్సలు నచ్చలేదు. సిస్టమ్స్ చూసే కుసుమకుమారి దగ్గరికి ఒక్క పరుగున వెళ్లాడు.

"అతని అకౌంటు తీసెయ్యమ్మా. ఫోల్డరుతో సహా."

"సాయంత్రం దాకా ఉండనివ్వండి సార్, పాపం. అందులో ఏముందో ఏమిటో..."

"ఏముందో కాదు, ఏం పెట్టాడో! పొద్దున్నుంచీ గేట్ల ప్రోగ్రాములన్నీ కెలుకుతున్నాడు. తీసెయ్యమంటే తీసెయ్!"

ఆమె తీసేసింది. హమ్మయ్య అనుకుంటూ దేవీప్రసాద్ కుర్చీలో కూలబడ్డాడో లేదో, ఫోను మోగింది. యార్డు నుంచి గణేష్.

"సార్, మూడో గేట్లో తూకం ఆగిపోనాది! లైబ్రరీ కనబడ్డం నేదంటంది మిషను. లారీలు రోడ్డు మీదకి వచ్చీసినాయి!"

"చూశావా! నేను చెప్పలేదూ?" కుసుమకుమారి మీద విరుచుకుపడ్డాడు దేవీప్రసాద్. "అనుకున్నంత పనీ చేశాడు!"

అప్పుడే మూతి తుడుచుకుంటూ వచ్చాడు సన్యాసిరాజు. దేవీప్రసాద్ అతని కాలరు పట్టుకున్నంత పని చేశాడు.

"మూడో గేటు ఆపేశావు కదరా! పోలీసులకి పట్టిస్తాను!"

"మూడోదా?" సన్యాసిరాజు మొహం పాలిపోయింది. "నా ఫోల్డరు గానీ తీసీసినారేటి సార్?"

"తీసేయించాను. ఏం, నీ ఆట సాగలేదా?"

"ఓలమ్మో!" తల పట్టుకున్నాడు సన్యాసిరాజు. "లైబ్రరీ ఉన్నది అందులోనే సార్! మొదట్నుంచీ అక్కడే ఉండిపోనాది. మూడు గేట్లూ అక్కడికొచ్చే దాన్ని ఎతుక్కునీవి. నాను ఎల్లిపోయాక మీరు ఫోల్డరు తీసేత్తారని తెలుసు. అందికే స్క్రిప్టు మార్సి, ఏ గేటు లైబ్రరీ ఆ గేటు దగ్గరే ఉండీలాగ పెట్టుకొత్తన్నాను."

"మరి... మూడోదొక్కటే ఎందుకు ఆగింది?" దేవీప్రసాద్ గొంతు సన్నబడింది.

"నాను ఇంకా సెయ్యి పెట్టనిది అదొక్కటే సార్."