పెద్దోడి పథ్యం

దుకాణం వెనక గది తలుపు తోసేసరికి పెద్దోడి నోట్లో క్రీమ్ బన్ను ఉంది. సగం లోపల, సగం బయట.

చిన్నోడు గుమ్మంలోనే ఆగిపోయాడు. గోడకి చేరేసిన అద్దం పలకల్లో అన్నయ్య నలుగురైదుగురుగా కనిపిస్తున్నాడు. అందరి మూతులకీ క్రీమే. ఫొటో ఫ్రేములు కోసే బల్ల మీద చెక్కపొట్టు పక్కకి నెట్టి బేకరీ కవరు పరిచి ఉంది. అందులో ఇంకో రెండు బన్నులు, ఓ కేకు ముక్క.

"నువ్వేంట్రా ఇక్కడ? ఈ ఎండలో ఎందుకొచ్చావ్?" అన్నాడు పెద్దోడు, మింగలేక మింగుతూ.

"రిపోర్టు వచ్చింది." చిన్నోడు ఆయాసపడుతూ స్టూలు మీద కూలబడ్డాడు. ఉబ్బిన పాదాల్లోకి చెప్పుల పట్టీలు దిగిపోయాయి. కళ్ళు పచ్చగా ఉన్నాయి. "నీ లివర్లో కొవ్వు తగ్గలేదట. పెరిగిందట. ఇంత పథ్యం చేస్తున్న మనిషికి ఎందుకు పెరిగిందో డాక్టరుగారికే అంతుపట్టలేదు. దారి పొడుగునా నేనూ బుర్ర బద్దలు కొట్టుకున్నాను."

పెద్దోడు మూతి తుడుచుకున్నాడు.

చిన్నోడి లివర్ పాడైపోయింది. బతకాలంటే ఎవరైనా తమ లివర్లోంచి ముక్క ఇవ్వాలి. ఇంట్లో అందరిలోకీ సరిపోయింది పెద్దోడిదొక్కటే. అడ్డమల్లా ఒకటే, దానికి కొవ్వు పట్టి ఉంది. డాక్టరు అన్నదమ్ములిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని పెద్దోడితో చెప్పాడు. "తిండే మీకు మందు. పొద్దున్నే గుడ్డో, చేపో, ఉడికించిన శనగలో కడుపునిండా తినండి. ఇక రోజంతా ఆకలి మీ మాట వింటుంది. తీపీ మైదా ముట్టుకోకండి. పొద్దుగూకేలోపే భోజనం ముగించండి. రాత్రంతా లివర్‌ని దాని పని దాన్ని చేసుకోనివ్వండి. కొవ్వు తగ్గిన వెంటనే ఆపరేషన్ పెట్టేస్తాను."

"ఓస్, ఇదెంత పనిరా" అంటూ పెద్దోడు అక్కడే తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. మొదట్లో ప్యాంటు జారిపోతోందని బెల్టుకి కొత్త చిల్లు కూడా పొడిచి చూపించాడు. ఆకలే వెయ్యట్లేదురా, విచిత్రంగా ఉంది అన్నాడు. ఆ మాట పట్టుకునే చిన్నోడు ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు.

"ఆకలికి ఆగలేకపోయావా?" అడిగాడు ఇప్పుడు.

"ఆకలి కాదు."

"మరి?"

పెద్దోడు అద్దాల వైపు చూశాడు. అక్కడా తనే కనిపించేసరికి తల దించుకున్నాడు.

"భయమా? భయమైతే మొహం మీదే చెప్పొచ్చుగా. కోతంటే ఎవరికి మాత్రం భయం ఉండదు? ఇవ్వనంటే నా తిప్పలేవో నేను పడేవాణ్ణి. ఇస్తానని చెయ్యి పట్టుకుని, ఇలా వెనక గదిలో కూర్చుని..." చిన్నోడు బల్ల మీది కవరు పక్కకి తోసేశాడు. "నాకు తెలీకుండానే నన్ను చంపుతున్నావు కదన్నయ్యా."

పెద్దోడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తిట్టరా. ఎంతైనా తిట్టు, పడతాను."

"తిట్టే ఓపిక కూడా లేదు నాకు."

చిన్నోడు గోడ పట్టుకుని లేచాడు. గుమ్మం దాటుతుంటే పెద్దోడు భుజం పట్టుకుని ఆపాడు.

"ఒక్కటే అడుగుతాను. ఇది అమ్మ దాకా తీసుకెళ్ళకు. నీకు దణ్ణం పెడతాను."

"ఎందుకు తీసుకెళ్ళను? కోడి కుయ్యకముందే లేచి నీకోసం గుడ్లు ఉడకబెడుతోంది. కొడుకు నిర్వాకం ఆవిడకీ తెలియాలిగా."

బస్సులో నిలబడ్డ చిన్నోణ్ణి చూసి, ఎవరో చటుక్కున లేచి సీటిచ్చారు. ముక్కూమొహం తెలియని మనిషి. ఈపాటి జాలి కూడా అన్నయ్యకి లేకపోయిందే అనుకున్నాడు. పరాయివాళ్ళు చేసి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాడు. బతికించమని తను నోరు తెరిచి అడిగింది అన్నయ్యనొక్కణ్ణే. కిటికీ వైపు తిరిగి, దిగేదాకా మొహం ఇటు తిప్పలేదు.

ఇంటికొచ్చేసరికి తల్లి వంటగదిలో ఉంది. పొద్దువాలేలోపు పెద్దోడికి భోజనం పెట్టెయ్యాలి కదా, చేపముక్కలు కడుగుతోంది. పొయ్యి మీద శనగలు ఉడుకుతున్నాయి. చిన్నోడు గుమ్మానికి ఆనుకుని అంతా చెప్పేశాడు. రిపోర్టు సంగతి, బన్నుల సంగతి, దణ్ణం సంగతి. ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. కుళాయి కింద చేతులు మాత్రం అలాగే ఆగిపోయాయి.

"నేను బతకడం అన్నయ్యకి ఇష్టం లేదమ్మా" అన్నాడు చివరికి.

"వాణ్ణి అంత మాట అనకు" అంది తల్లి. "నీ కోసం వాడు ప్రాణమైనా ఇచ్చేస్తాడు. నా భయమూ అదే. మీ ఇద్దర్నీ ఒకే రోజు ఆ ఆపరేషన్ గదిలోకి పంపి నేను బయట కూర్చోలేనురా."

చిన్నోడికి అర్థం కాలేదు. తల్లి కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, మెల్లిగా అతని వైపు తిరిగింది.

"ఇంతకీ, పొద్దున నేను కొనిచ్చిన బన్నులన్నీ తిన్నాడా, మళ్ళీ మిగిల్చాడా?"