మాదిరి వ్యాసాలు

గ్రంథాలయంలో ఉన్నది ఒకే ఒక్క మాదిరి వ్యాసాల పుస్తకం.

ఇంకెవరి చేతికీ చిక్కకుండా దాన్ని ఆమె నిఘంటువుల వెనక్కి తోస్తుండగా, ఎవరో భుజం తట్టారు.

"దాచేస్తున్నావా చెల్లీ?"

రోజూ కిటికీ పక్కన కూర్చుని చదువుకునే ఆవిడ. లావుపాటి కళ్ళద్దాలు. చెంపలు అప్పుడే నెరిశాయి.

"నాకు పరీక్ష ఉంది. మీకేం, కాలక్షేపానికి వస్తారు. నాది చావుబతుకుల సమస్య" అంది ఆమె బింకంగా.

ఆవిడ పుస్తకం బయటికి తీసి మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టింది.

"దాచడమెందుకు? పద, ఇద్దరం చూద్దాం."

చావుబతుకుల మాట అబద్ధం కాదు. లారీ నడిపే భర్త నడుం విరిగి మంచాన పడ్డాడు. ఆడబిడ్డ ఇంట్లో ముందు గదిలో తలదాచుకుంటున్నారు. ఆ ఉదయమే ఆడబిడ్డ గుమ్మంలో నిలబడి అనేసింది:

"ఏమీ అనుకోకు వదినా. ఈ గది మాకు కావాలి. ఎక్కడైనా చూసుకోండి."

పురపాలక కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం. ఒక్కటే ఖాళీ. మిగతా పరీక్షలన్నీ ఎలాగో గట్టెక్కుతోంది. వ్యాసం దగ్గరే రెండుసార్లు బోల్తా పడింది.

"నువ్వు రాసింది చూపించు" అంది ఆవిడ.

చూపించింది.

"'మానవ జీవితం అనంత సాగరం...' ఇది నీ మాటేనా?"

"పుస్తకంలోది. మొత్తం బట్టీ పట్టేశాను."

"ఇందులో లేనిది అడిగితే?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడవకు. మాదిరి అంటే ఇంకొకళ్ళ ఇల్లు చూసి రావడం. గుమ్మం ఎటు పెట్టారు, వెలుతురు ఎటునుంచి వస్తోంది, అంతే చూడాలి. వాళ్ళ సామాను ఎత్తుకొచ్చేస్తే ఎలా? మంచాలూ కంచాలూ నీవే వేసుకోవాలి."

ఏడుపులోనే ఆమెకి నవ్వొచ్చింది.

మర్నాటి నుంచి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

"నీటి కరువు మీద ఈ వ్యాసం చూడు. మొదట ఏం చేశాడు?"

"ఎండిన బావి గురించి చెప్పాడు."

"కరువు గురించి కదా చెప్పాలి?"

ఆమె ఆలోచించింది. "బావి కనబడితే... కరువు దానంతటదే తెలుస్తుంది."

"అదీ సంగతి! ఇక పుస్తకం మూసెయ్. మీ ఇంటి నీళ్ళ గొడవ రాయి."

ఒకరోజు ఆవిడ నలిగిపోయిన కాగితాలు తెచ్చింది.

"ఇది పనికిరాని మాదిరి. ఎక్కడ చెడిందో చెప్పు."

"అన్నీ పెద్ద పెద్ద మాటలే. మనిషే లేడు" అంది ఆమె చదివి. "ఎవరు రాశారక్కా?"

"ఎవరో, పాపం" అని ఆవిడ కాగితాలు మడిచేసింది.

పరీక్షలో ఇచ్చిన విషయం: ఎదురుచూపు.

అది పుస్తకంలో లేదు. ఆమె కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత, ఆపరేషన్ గది బయట తను కూర్చున్న బల్ల గురించి రాసింది. తెరుచుకోని తలుపు గురించి రాసింది. ఆడబిడ్డ తెచ్చిచ్చిన టీ చేతిలోనే చల్లారిపోవడం గురించి రాసింది.

ఉద్యోగం వచ్చింది.

ఆ మాట చెప్పాలని గ్రంథాలయానికి పరుగెత్తింది. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"ఈమధ్య రావడం లేదమ్మా" అన్నాడు గ్రంథపాలకుడు. "ఎక్కడుంటారో తెలియదు."

ఆవిడ పేరు కూడా తను అడగలేదని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

ఇంతలో భర్తకి జ్వరం ముదిరింది. ఆసుపత్రి చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. ఉద్యోగంలో చేరడానికి గడువు ముగిసే రోజు, చెదిరిన జుట్టుతో ఆటో దిగి కార్యాలయంలోకి పరుగెత్తింది.

పెద్ద గుమాస్తా గోడ గడియారం చూపించాడు.

"ఏమ్మా, ఇంత ఆలస్యమా? ఇంకాస్త ఉంటే తలుపులు మూసేవాళ్ళం. మీరు రాకపోతే ఈ ఉద్యోగం మీ తర్వాత నిలిచినావిడది. పొద్దుట్నుంచీ ఆ బల్ల మీదే కూర్చుంది. వయసు ఈ ఏడుతో సరి, ఇక రాయడానికి లేదట."

"అయ్యో! ఏరి ఆవిడ?"

"లావు కళ్ళద్దాలావిడ. ఇప్పుడే వెళ్ళింది. నేను తలుపు వేయబోతుంటే కిటికీలోంచి మిమ్మల్ని చూసి, 'ఆగండి, అదుగో మా చెల్లెలు వస్తోంది' అని చెప్పి వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయిందమ్మా."