ఈగల లెక్క

అప్పటికి పిల్లలందరి చెవుల్లోనూ తోడుయంత్రాలు వచ్చేశాయి. బడి ప్రయోగాలన్నీ అవే చేసిపెట్టేవి. మొంబాసాలో జరిగిన అంతర్జాతీయ బాలల విజ్ఞాన పోటీకి ఉప్పాడ నుంచి వెళ్లిన సత్యవేణికి మాత్రం తోడుయంత్రం లేదు. ఎండుచేపల మీద ఏ రంగు వల కప్పితే ఈగలు తక్కువగా వాలతాయో నలభై రోజులు ఇసుకలో కూర్చుని తనే లెక్కపెట్టింది.

"నీ తోడుయంత్రం ఇచ్చిన ధ్రువపత్రం ఏది?" న్యాయనిర్ణేత మాటను హాల్లోని స్పీకరు తెలుగులో వినిపించింది.

"లేదండి. నేనే చేశానండి."

"మనిషి కంటి లెక్కను మేము నమ్మలేము. పత్రం లేకపోతే పోటీలో చోటు లేదు."

వెంట వచ్చిన సైన్సు టీచరు రత్నకుమారి కంగారుపడింది. "ఏదో ఒక యంత్రం పేరు రాసెయ్యవే తల్లీ! ఇంత దూరం వచ్చి ఉత్తి చేతుల్తో ఎల్తామా?"

"రాయనండి. ఎండలో మాడింది నేనండి."

సత్యవేణి ప్రదర్శన బల్లను హాలు బయట పెట్టించారు. సత్యవేణి ఏడవలేదు. రేవుకెళ్లి చేపలు తెచ్చి, చీల్చి, ఎండలో పరిచి, నాలుగు రంగుల వలలు కప్పి లెక్క మొదలుపెట్టింది.

కాసేపటికి పెరూ పిల్ల ఒకతె వచ్చింది. చెవిలోని యంత్రం తీసి జేబులో వేసుకుని, నీలం వల తను చూస్తానని సైగ చేసి పక్కనే చతికిలబడింది. సాయంత్రానికి ఒక్కో వల చుట్టూ ఐదారుగురు చేరారు.

హాలు ఖాళీ అయ్యేసరికి న్యాయనిర్ణేత బయటికొచ్చి వాళ్లమీదికి వంగి చూశాడు.

"కాస్త జరగండి. మీ నీడకి ఈగలు లేచిపోతన్నాయి," అంది సత్యవేణి తలెత్తకుండానే.