నాలుగు వీశెలు

కాటా ఎక్కమంటే అచ్చియ్యమ్మ ఎక్కనంది.

"అది బెల్లం తూసే కాటా బాబూ. మనిసిని తూస్తారేటి?" అంది, కొంగు భుజాల చుట్టూ కప్పుకుంటూ.

"నా దగ్గరున్న తూనిక చంటిపిల్లలకే సరిపోతుంది. నీకు పనికొచ్చేది చోడవరం మొత్తానికి ఇదొక్కటే," అన్నాడు డాక్టరు సత్యారావు.

పెదబాబు బెల్లం కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. దిమ్మలు దింపుతున్న బండివాడు పని ఆపి, "రాళ్ళు సాలతాయేటి పెదబాబూ?" అన్నాడు. డాక్టరు నవ్వించాలని అనలేదు, ఉన్నమాటే అన్నాడు. ఆయన చెడ్డవాడైతే ఈ కథ చెప్పుకోవడం సులువయ్యేది.

"ఎక్కవే," అని గదిమాడు ఆమె భర్త దాసు. "పన్నెండేళ్ళయింది. పిల్లలు కావాలా, అక్కర్నేదా?"

ఆ మాటకి ఎక్కింది. ఒళ్ళు తగ్గితే కడుపు పండుతుందని డాక్టరు అంతకుముందే చెప్పాడు మరి. పెదబాబు రాళ్ళు ఒక్కొక్కటే పెట్టి, సరుకు తూకం చెప్పినట్టే, "ఎనిమిది మణుగులండి," అని కేకేశాడు. డాక్టరు నోటుబుక్కులో రాసుకున్నాడు.

ఆయనకి మద్రాసు నుంచి వైద్య పత్రిక ఒకటి పోస్టులో వచ్చేది. లావు కూడా ఒక జబ్బే, రోగిని తిండిపోతని తిట్టకండి, తూకం చూసి వైద్యం చెయ్యండి అని అందులో ఎవరో పెద్ద డాక్టరు రాశాడు. రోగి చెప్పేది ముందు వినండి అని కూడా రాశాడు గానీ, సత్యారావు ఎర్రసిరాతో గీత గీసుకున్నది తూకం గురించిన వాక్యాల కిందే. మూడు నెలల్లో విశాఖపట్నంలో డాక్టర్ల సభ ఉంది. అక్కడ ఈ కేసు చదవాలని ఆయన ఆశ.

"ఒంటిపూట చోడి అంబలి తాగు. అన్నం, బెల్లం ముట్టుకోవద్దు. పదిహేను రోజులకోసారి వచ్చి తూకం వేయించుకో. బండెక్కి కాదు, నడిచి రావాలి," అన్నాడు.

"ఇంకో మాట సెప్పాల బాబూ," అంది అచ్చియ్యమ్మ, కాటా దిగి. చుట్టూ ఉన్న మగవాళ్ళని చూసి గొంతు తగ్గించింది. "ఇక్కడ కాదు."

"మీ ఆయనకి చెప్పు. ఆయన నాకు చెప్తాడు."

అప్పట్లో అదే మర్యాద. ఆడదాని బాధ మొగుడి నోటి మీదుగా రావాలి, డాక్టరు చెయ్యి నాడి దాటి పోకూడదు. అచ్చియ్యమ్మ దాసు చెవిలో ఏదో చెప్పింది. దాసు సిగ్గుపడి, "ఏటీ నేదు బాబూ. ఆడోళ్ళ గొడవలు. మీకు సెప్పీవి కావు," అన్నాడు. డాక్టరు సరేనని నోటుబుక్కు మూసేశాడు. ఆ సరే అన్నందుకు తర్వాత ఆయన ఎంత కుమిలిపోయినా ఏం లాభం?

పదిహేను రోజులకి ఒక వీశె తగ్గింది, అంటే మణుగులో ఎనిమిదో వంతు, ఇప్పటి లెక్కలో కిలోన్నర లోపే. ఆ తర్వాత ఇంకో వీశె. నవ్విన బండివాడే ఇప్పుడు తూకం రోజున ముందుగా వచ్చి నిలబడేవాడు. అచ్చియ్యమ్మ చేతులు సన్నబడ్డాయి, కళ్ళ కింద నల్లబడింది. కాటా ఎక్కేటప్పుడు కళ్ళు తిరిగి గొలుసు పట్టుకునేది. అయినా ఒక్కసారీ బండెక్కి రాలేదు.

అయిదోసారి వచ్చినప్పుడు దాసు చెప్పాడు.

"దీని కడుపులో ఏదో గుడగుడలాడతందంటంది బాబూ. పడుకోనీదంట."

"ఆకలి," అన్నాడు డాక్టరు. "పేగులు అరుస్తాయి. ఓర్చుకోమను. ఇంత ఓర్చుకున్నది, ఇంకొన్నాళ్ళు పట్టలేదా?"

ఆమె తలూపింది. పిల్లల కోసం ఓర్చుకోమంటే ఏ ఆడది కాదంటుంది? ఆయన ఒక్కసారి ఆమె ముఖం చూసినా సరిపోయేది. ఆయన పళ్ళెంలో రాళ్ళు చూస్తున్నాడు.

తర్వాతి తూకానికి అచ్చియ్యమ్మ రాలేదు. చేతిదాకా వచ్చిన కేసు చెడిపోయిందని డాక్టరు చిరాకుపడ్డాడు. సభ ఇంకో వారం ఉందనగా, పొద్దున్నే బెల్లంకొట్టు ముందు కనిపించింది. దాసు రోడ్డవతలే ఆగిపోయాడు, ఇటు చూడలేదు. ఈసారి ఎవరూ చెప్పకుండానే ఆమె తిన్నగా వెళ్ళి కాటా ఎక్కింది.

పెదబాబు రాళ్ళు పెట్టాడు. తీశాడు. మళ్ళీ తీశాడు.

"ఒక్కసారే నాలుగు వీశెలు తగ్గిందండి," అన్నాడు, తన కాటాని తనే నమ్మనట్టు.

డాక్టరు ముఖం చేటంత అయింది. వీశె తగ్గడమే గగనమైన చోట నాలుగు వీశెలు. గబగబా కలం మూత తీశాడు.

"నే చెప్పలేదూ? ఇదిగో, ఈ మాట నేను సభలో పెద్దపెద్ద డాక్టర్ల ముందు చదవాలి. ఈసారి ఏం చేశావో నువ్వే చెప్పు. అంబలి కూడా మానేశావా?"

ఎప్పుడూ భర్త వైపు చూసే అచ్చియ్యమ్మ ఆ రోజు అటు చూడలేదు. అంతమంది మగవాళ్ళ మధ్య, కాటా మీద నుంచే చెప్పింది.

"రాసుకో బాబూ. అమాస నాడు నాకు గుంటడు పుట్టేడు. ఊపిరి నేదు."